బావమరిది చేతులు

మాస్టరుకి తన జబ్బు పేరు తెలిసేసరికి ఐదు నెలలు గడిచాయి. ఆ ఐదు నెలలూ ఆయన దాన్ని బెణుకు అనే అన్నాడు. ముందు కుడిచేతి చూపుడువేలు బెణికింది. తరవాత మధ్యవేలు. ఆ తరవాత ఏ బరువూ ఎత్తకుండానే ఎడమచెయ్యి బెణికింది. "ఎవరికైనా అన్ని వేళ్ళూ వరసపెట్టి బెణుకుతాయా?" అని భార్య అడిగితే, "ఇరవై రెండేళ్ళు కోటుగుడ్డ మీద కత్తెర పట్టినవాడికి బెణుకుతాయి" అని కసిరాడు. చివరికి ఒకరోజు పొద్దున్న పళ్ళు తోముకునే బ్రష్షు చేతిలోంచి రెండుసార్లు జారిపడింది. ఆవిడ ఇంకేం వాదించలేదు. చెప్పులేసుకుని ఆయన్ని ఆస్పత్రికి బయల్దేరదీసింది.

డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితాలు చూసి, ఆయన వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే మెల్లిగా నొక్కి చూసింది.

"ఇది బెణుకు కాదండీ. వయసుతో వచ్చే అరుగుదలా కాదు. ఒంట్లోకి వచ్చే రోగాలతో పోట్లాడాల్సిన బలగం దారి తప్పి మీ కీళ్ళ మీదే పడింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు."

"ఎన్నాళ్ళు మందు వాడితే పోతుంది?"

"పోదు. అదుపులో ఉంటుంది."

"అంటే?"

"మనం దాన్ని మరిచిపోకుండా ఉంటే, అది మనల్ని కొంచెం మరిచిపోతుంది." ఆవిడ మందుచీటీ రాస్తూనే అంది. "వారానికి ఒక్కరోజు వేసుకునే మాత్రలు ఇస్తున్నాను. నెలనెలా రక్తం చూపించుకోవాలి. మందు పట్టడానికే మూడు నెలలు పడుతుంది. అందాకా కత్తెర పక్కన పెట్టండి."

బయట బల్ల మీద చేతికి సిమెంటు కట్టుతో ఒక కుర్రాడు కూచుని ఉన్నాడు. స్నేహితులు ఆ కట్టు మీద పేర్లు రాశారు, పువ్వులూ బొమ్మలూ గీశారు. ఆరు వారాల్లో తీసేస్తారట. మాస్టరు వాణ్ణి చూసి ఓర్వలేకపోయాడు. విరిగిన చెయ్యికి ఒక లెక్క ఉంది, అందరికీ కనబడే కట్టు ఉంది, సంతకాలు పెట్టే జనం ఉన్నారు. తన చెయ్యి చూస్తే కాస్త వాచినట్టుంటుంది, అంతే. ఎవడైనా కరచాలనం చేసి గట్టిగా నొక్కితే కళ్ళనీళ్ళు తిరుగుతాయి.

ఆరోజు నుంచి ఆయనకి లోకం నిండా చేతులే కనబడసాగాయి. బస్సులో టిక్కెట్టు చించే కండక్టరు చేతులు. బ్రెడ్డు ముక్కలు కోసి, చూడకుండానే కాగితంలో చుట్టే దుకాణంవాడి చేతులు. ఎదురింటి మెట్ల మీద కూచుని బూట్ల తాడు ముడేసుకునే ఐదేళ్ళ పిల్ల చేతులు. అందరూ ఎంత తేలిగ్గా, ఎంత నిర్లక్ష్యంగా వాడుతున్నారు! ఆయన కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టుండేది. పొద్దున్న లేచాక పది గంటలదాకా వేళ్ళు కర్రల్లా ఉండేవి. చొక్కా బొత్తాలు భార్య పెట్టేది. బొత్తాం చకచకా కాజాలోకి దూరిపోతుంటే, పెళ్ళాం వేళ్ళ మీద కూడా ఆయనకి కోపం వచ్చేది.

అయితే అందరి చేతులూ ఒక ఎత్తు, బావమరిది చేతులు ఒక ఎత్తు.

అతన్ని అందరూ చిట్టి అంటారు. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉన్నాడని అక్క పెట్టిన పేరు. ఇప్పుడు ఆరడుగులున్నాడు, మాస్టరు టైలరింగ్ షాపు గుమ్మం దాటాలంటే తల వంచాలి. పేరు మాత్రం అక్కడే ఆగిపోయింది. పదకొండేళ్ళ కిందట పనికి వచ్చినప్పుడు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. మాస్టరే అన్నీ నేర్పాడు, ఒక్క కొయ్యడం తప్ప. "నీ చేతులు కుట్టడానికి, నావి కొయ్యడానికి" అనేవాడు. ఆ షాపు కోట్లకి పేరు పడిందంటే అది మాస్టరు కత్తెర వల్లే. గుడ్డ మీద ఒకసారి కత్తెర పెడితే మధ్యలో ఆపడం ఆయనకి తెలియదు.

ఇప్పుడు ఆ కత్తెర చిట్టి చేతికి వచ్చింది. మాస్టరు పక్కన నిలబడి కొయ్యడమూ నేర్పాల్సొచ్చింది. మొదటి వారం వాడి చెయ్యి వణికింది. రెండో వారం వణుకు తగ్గింది. మూడో వారం పాత ఖాతాదారు ఒకాయన అద్దం ముందు నిలబడి భుజాలు కదిపి చూసుకుని, "మాస్టరు గారూ, ఈసారి అదిరిపోయిందండీ!" అన్నాడు. "నేను కాదు, వీడు కోశాడు" అని చెప్పాల్సొచ్చింది మాస్టరుకి. "ఓహో! ఇంకేం, శిష్యుడు చేతికి అందొచ్చాడన్నమాట" అని ఆయన చిట్టి వీపు తట్టాడు.

ఏకు మేకై కూచోవడమంటే ఇదే కాబోలనుకున్నాడు మాస్టరు. ఇంట్లో భార్య కూడా అదే పాట. "మా చిట్టి లేకపోతే మనం ఏమైపోయేవాళ్ళం చెప్పండి!" ఆవిడ మంచికే అంది. నిజమే అంది. నిజం కాబట్టే ఆయనకి ఆ పూట అన్నం సయించలేదు.

ఆ నెలాఖరులో క్లారినెట్ వాయించే పెద్దాయన ఒకరు షాపుకి వచ్చారు. నలభై ఏళ్ళు వాద్యబృందంలో పనిచేసి రిటైరవుతున్నారు. ఆఖరి కచేరీకి కోటు కావాలన్నారు. వెంట ముదురెరుపు వెల్వెట్ తెచ్చారు.

"మా ఆవిడ గౌను కుట్టించుకుందామని కొని, రంగు మరీ ఎక్కువైందని పక్కన పడేసింది. నాకైతే ఎక్కువ కాదట. తానులో ఆఖరి ముక్క, మళ్ళీ దొరకదు. వీపు మీద పట్టీలూ గిట్టీలూ వద్దు, సాదాగా ఉండాలి."

చిట్టి కొలతలు తీశాడు. మాస్టరు పుస్తకంలో రాయలేడు కాబట్టి భార్య రాసింది. ఆవిడ కూడా షాపులోనే కాజాలు కుట్టే పని చేస్తుంది.

వెల్వెట్ మీద నూగు ఒకవైపుకే పడుకుని ఉంటుంది, పిల్లి వీపులాగా. ఇటు నిమిరితే ఒక రంగు, అటు నిమిరితే ఇంకో రంగు. మామూలు గుడ్డయితే ముక్కల్ని తలకిందులుగా ఇరికించి పొదుపు చెయ్యొచ్చు. వెల్వెట్‌కి అన్ని ముక్కలూ ఒకే దిక్కుకు తలపెట్టి పడుకోవాలి. లేకపోతే కోటుకి ముందొక రంగు, వెనకొక రంగు. పైగా గుర్తులు గుడ్డ వెనకవైపు గీస్తారు గనక, కోసేటప్పుడు ఆ తేడా కంటికి కనబడదు. ఇది మాస్టరుకి తన పేరంత బాగా తెలుసు. చిట్టికి తెలియదు. షాపుకి వెల్వెట్ రావడమే ఏళ్ళకోసారి. వచ్చినప్పుడల్లా మాస్టరే కోసేవాడు, తను కోస్తుంటే పక్కన ఎవరైనా నిలబడడం ఆయనకి గిట్టదు.

మర్నాడు చిట్టి గుడ్డని బల్ల మీద పరిచి, కోటు భాగాల ఆకారంలో కోసిన అట్టముక్కలు పేర్చి, సుద్దతో గీసుకున్నాడు.

"బావా, ఒక్కసారి ఇటొచ్చి చూడు. వీపు ముక్క ఇలా తిప్పి పెడితే అరమీటరు మిగుల్తోంది. సరిపోతుందా?"

మాస్టరు వచ్చి చూశాడు. చూడగానే తెలిసిపోయింది. వీపు ముక్క తలకిందులుగా ఉంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే భార్య మెషీను మీదినుంచి తలెత్తి, "వాడి బుర్రే బుర్ర! ఎక్కడ ఏం మిగుల్తుందో ఇట్టే పట్టేస్తాడు" అంది మురిసిపోతూ.

"సరిపోతుంది" అన్నాడు మాస్టరు.

అబద్ధం కాదు. గుడ్డ సరిపోతుంది.

కత్తెర నడిచింది. చిట్టి ఎక్కడా ఆపలేదు, నేర్పినట్టే కోశాడు. వీపు ముక్క చుట్టూ కత్తెర తిరిగి వచ్చేదాకా మాస్టరు అక్కడే నిలబడ్డాడు. "ఆగు" అనడానికి కావలసినంత వ్యవధి ఉంది. అనలేదు. ఇన్ని నెలల తరవాత మొదటిసారి ఆయన కడుపు చల్లబడింది. ఆ చల్లదనం ఎలాంటిదో ఆయనకి తెలుసు. తెలిసీ ఆరోజు రెండు గ్లాసుల టీ తాగాడు, కిటికీ పక్కన కూచుని హాయిగా.

రెండ్రోజుల తరవాత చిట్టి కోటు ముక్కలకి పైపైన కచ్చాకుట్టు వేసి బొమ్మకి తొడిగాడు. బొమ్మని కిటికీ దగ్గరికి తిప్పేసరికి వెలుతురు పడింది. ముందుభాగం చిక్కటి ముదురెరుపు. వీపు వెలిసిపోయినట్టు లేతగా ఉంది. రెండు కోట్లు తెచ్చి అతికించినట్టుంది.

చిట్టి మొహం తెల్లబోయింది. అరచేత్తో వీపు మీద ఇటొకసారి, అటొకసారి నిమిరాడు. అర్థమైంది.

"బావా... నువ్వు చూశావు కదా ఆరోజు?"

"నేనూ గమనించలేదురా" అన్నాడు మాస్టరు, తేలు కుట్టిన దొంగలా.

"అవునులే, నీ తప్పేముంది. నొప్పుల్లో ఉన్నవాణ్ణి పట్టుకుని అడగడమే నాది బుద్ధిలేనితనం." చిట్టి స్టూలు మీద కూలబడి తల పట్టుకున్నాడు. "గురువారం పెద్దాయన ట్రయలుకి వస్తారు. నేనే చెప్తాను, మాస్టరు గారికి సంబంధం లేదని."

కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు. కడుపులో చల్లదనం ఎప్పుడు పోయిందో పోయింది. ఆ స్థానంలో జాలి వచ్చి కూచుంది. అదైనా ఆయన జాలి కాదు, చిట్టి ఆయన మీద చూపించిన జాలి.

బుధవారం రక్తపరీక్ష రోజు. ఆస్పత్రి వరసలో ఆయన పక్కన ఒకావిడ కూచుంది. అరవై ఏళ్ళుంటాయి. చేతిసంచీ మీద పెట్టుకున్న ఆవిడ వేళ్ళన్నీ ఒకేవైపుకి ఒరిగిపోయి ఉన్నాయి.

"కొత్తా?" అని అడిగింది ఆయన చేతులవైపు చూస్తూ.

"నెల దాటింది పేరు తెలిసి."

"గుప్పిట మూయండి, చూద్దాం."

మూశాడు. పూర్తిగా మూసుకోలేదు గానీ దాదాపు మూసుకుంది. ఆవిడ ఆ గుప్పిటనే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు ఆయనకి బాగా తెలుసు. ఇన్ని రోజులుగా తను కండక్టర్నీ, బ్రెడ్డు దుకాణంవాణ్ణీ, చిట్టినీ చూస్తున్న చూపది. ఆయనకి చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"మీరు తొందరగా వచ్చారు" అంది ఆవిడ చివరికి. "నేను నాలుగేళ్ళు నూనెలు రాసుకుంటూ కూచున్నాను. గడియారాలు బాగుచేసేదాన్ని. మీరేం చేస్తారు?"

"కటింగ్ మాస్టర్ని."

"మరి ఇప్పుడెవరు కోస్తున్నారు?"

"మా బావమరిది."

"అదృష్టవంతుడు, నేర్పినవాడు పక్కనే ఉన్నాడు. నా బల్ల దగ్గర ఇప్పుడు ఎవరు కూచున్నారో కూడా నాకు తెలీదు" అని, ఆవిడ పేరు పిలిస్తే లేచి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చేదారంతా ఆ మాట చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది.

గురువారం పొద్దున్న భార్య ఆయన చొక్కాకి బొత్తాలు పెడుతోంది. పైనుంచి నాలుగోదాని దగ్గరికి వచ్చింది.

"ఆ వెల్వెట్ సంగతి..." అన్నాడు ఆయన. "నేను ముందే చూశాను. చిట్టి కొయ్యకముందే. కావాలనే చెప్పలేదు."

ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. ఆయన మొహంలోకి చూసింది. అరుస్తుందేమో అనుకున్నాడు. అరవలేదు.

"మిగతావి మీరే పెట్టుకోండి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాలుగో బొత్తాం పెట్టుకునేసరికి ఆయనకి చెమటలు పట్టాయి. అదీ ఐదో కాజాలోకి దూరింది. తక్కినవి వదిలేసి, పైన స్వెటరు తగిలించుకుని షాపుకి నడిచాడు. అప్పటికే చిట్టి వచ్చి ఇస్త్రీపెట్టె వేడిచేస్తున్నాడు.

"ఒరేయ్, ఆరోజు నేను చూశాను."

"ఏం చూశావు?"

"వీపు ముక్క తలకిందులుగా ఉందని."

చిట్టికి ఒక క్షణం పట్టింది. "కొయ్యకముందా?"

"కొయ్యకముందే."

చిట్టి ఇస్త్రీపెట్టెని పక్కన నిలబెట్టాడు. "ఒక్క మాట బావా. ‘ఒరేయ్, ఆగు’. అంతే కదా? దానికి వేళ్ళు కూడా అక్కర్లేదే!"

చిట్టి బల్ల మీది కత్తెర చూపించాడు.

"నేను తప్పు చేస్తే నువ్వు చూస్తావన్న ధైర్యంతోనే నీ కత్తెర ముట్టుకున్నాను. లేకపోతే నా మొహానికి నీ కత్తెరేంటి? నువ్వు చూశావు గదాని నేను రెండోసారి ఆలోచించలేదు."

"ఓర్వలేకపోయానురా" అన్నాడు మాస్టరు. "అందరూ నీ చేతుల గురించే. మీ అక్క కూడా. ఇవి ఇలా అయిపోయాయి, అవేమో..."

చిట్టి తన చేతులవైపు తను చూసుకున్నాడు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు జేబుల్లోకి తోసుకున్నాడు. మెడలోని టేపు తీసి బల్ల మీద పడేసి, తల వంచి గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆరింటికి ట్రయలు. మాస్టరు ఒక్కడే మిగిలాడు. చేతుల్లో ఉన్న బలం కూడదీసుకుని, కోటు వీపుకి వేసిన కచ్చాకుట్టు విప్పడం మొదలుపెట్టాడు. కచ్చాకుట్టు అంటే పసిపిల్ల కూడా లాగేస్తుంది. ఆయనకి గంట పట్టింది. విప్పిన వీపు ముక్కనీ, చిట్టి మిగిల్చిన అరమీటరునీ బల్ల మీద పరిచి, అరచేతులతో తోస్తూ ఇటూ అటూ జరిపి చూశాడు. అట్టముక్కల్ని గడ్డంతో నొక్కిపెట్టాడు. భార్య వచ్చి తన మెషీను దగ్గర వీపు తిప్పి కూచుంది. ఆయన స్వెటరు కింద చొక్కా వంకరగా ఉండడం చూసి కూడా మెషీను తొక్కుతూనే ఉంది.

మధ్యాహ్నం రెండింటికి చిట్టి తిరిగొచ్చాడు, చేతిలో టీ గ్లాసుతో. ఒక్కటే గ్లాసు. తనకే.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

"ఈ అరమీటరులోంచి వీపు పైసగం వస్తుంది. పాత ముక్కని తలకిందులుగా తిప్పితే నూగు సరైన దిక్కుకి పడుతుంది, దాంట్లోంచి నడుము కింది సగం వస్తుంది. రెండూ నడుం దగ్గర అతుకు. అతుకు మీద పట్టీ."

"ఆయన పట్టీ వద్దన్నారు."

"అన్నారు. అది నేను చెప్పుకుంటాను."

చిట్టి టీ తాగడం పూర్తిచేశాడు, ఏం తొందరపడకుండా. తరవాత కత్తెర తీసుకున్నాడు. "చెప్పు, ఎక్కడ?"

"అక్కడ కాదు, ఇంకా పైకి."

"ఇంతా?"

"ఇంకో వేలెడు. నూగు చూసుకో. పైనుంచి కిందికి నిమిరితే రంగు చిక్కబడాలి."

ఆ మూడు గంటలూ వాళ్ళు పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడుకోలేదు. రెండుసార్లు మాస్టరు "ఆగు" అన్నాడు. రెండుసార్లూ చిట్టి ఆగాడు, ఆయనవైపు చూడకుండా.

పెద్దాయన వచ్చి కోటు తొడుక్కున్నారు. వెనక్కి చెయ్యి పోనిచ్చి నడుం దగ్గర తడిమారు.

"పట్టీ వద్దని చెప్పాను కదా?"

చిట్టి నోరు తెరిచేలోపు మాస్టరు ముందుకొచ్చాడు. "చెప్పారండీ. కొయ్యడంలో పొరపాటు జరిగింది. అది జరక్కముందే నేను చూశాను. చూసి కూడా ఆపలేదు. తప్పు నాది. కింద అతుకుంది, పట్టీ దాన్ని కప్పడానికి. అతుకు విడిపోదు, దానికి నాదీ పూచీ."

పెద్దాయన చాలాసేపు అద్దంలోకి చూశారు. తరవాత క్లారినెట్ పట్టుకున్నట్టు చేతులు రెండూ ముందుకి ఎత్తి, మోచేతులు కదిపారు. వీపు ఎక్కడా లాగలేదు.

"వాయించడానికి అడ్డం లేదు" అన్నారు. "తీసుకుంటాను. ఇంకోసారి మీ షాపుకి వస్తానని మాత్రం చెప్పలేను."

"న్యాయమేనండీ" అన్నాడు మాస్టరు.

మర్నాటి నుంచి భార్య మళ్ళీ బొత్తాలు పెట్టింది. మూడు రోజులు మాత్రం ఆయన మొహం చూడకుండా పెట్టింది. నాలుగోరోజు కాలరు సర్దుతూ, "వాడు మీకు పరాయివాడా?" అంది. "పరాయివాడైతే ఇంత మంట ఉండేది కాదే" అన్నాడు ఆయన. ఆవిడకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

నాలుగో నెలకి మందు పట్టింది. పదింటిదాకా ఉండే బిగుతు ఎనిమిదింటికే సడలడం మొదలైంది. సుద్ద పట్టుకోగలిగాడు. ఒకరోజు కత్తెర కూడా పట్టుకుని చూశాడు. పల్చటి నూలుగుడ్డ జానెడు కోశాడు, అంతకు మించి చెయ్యి ఒప్పుకోలేదు. డాక్టరమ్మ ఇంకా మెరుగవుతుందనీ అనలేదు, అవదనీ అనలేదు. కటింగ్ బల్ల పక్కన ఎత్తు స్టూలు వేయించుకుని కూచోవడం అలవాటు చేసుకున్నాడు. గుడ్డ పరిచిన దగ్గర్నుంచీ చెప్తూనే ఉండేవాడు. "అప్పుడు ఒక్క మాట చెప్పలేదు, ఇప్పుడు ఒక్క నిమిషం ఊరుకోవడం లేదు" అని చిట్టి అక్కతో మొరపెట్టుకున్నాడు.

అసూయ మాత్రం పోలేదు. పోతుందనుకున్నాడు, తప్పు ఒప్పుకున్నాక. బస్సెక్కితే కళ్ళు ఇప్పటికీ కండక్టరు వేళ్ళ మీదికే వెళ్ళేవి.

ఒక మధ్యాహ్నం చిట్టి ఉన్నిగుడ్డ మీద కాలరు వంపు కోస్తున్నాడు. కోటులో కష్టమైన చోటు అదే. చిట్టి కత్తెరని తిప్పలేదు, గుడ్డనే కత్తెరలోకి మెల్లిగా తిప్పాడు. ఆ పద్ధతి మాస్టరు నేర్పింది కాదు. వంపు నీళ్ళలో గీసినట్టు వచ్చింది. ఆయన ఆ ముక్కని చేతిలోకి తీసుకుని అంచు వెంట బొటనవేలు నడిపించాడు. ఎక్కడా గరుకు తగల్లేదు.

"నాకంటే బాగా కోశావురా" అన్నాడు. కాస్త ఆగి, "కడుపు మండిపోతోంది" అన్నాడు.

చిట్టి కత్తెర బల్ల మీద పెట్టేసి పగలబడి నవ్వాడు. "అక్కా, విన్నావా? పదకొండేళ్ళు పట్టింది ఈయన నోట్లోంచి ఈ మాట రావడానికి!"

"ఏ మాట? మొదటిదా, రెండోదా?" అంది ఆవిడ మెషీను ఆపి.

"రెండూనే!"

"నవ్వింది చాలు" అన్నాడు మాస్టరు. ముక్కని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. "గుడ్డని తిప్పావు కదా, అదెలా చేశావో ఇంకోసారి చూపించు. మెల్లిగా."

చిట్టి ఒక పాతముక్క తీసి బల్ల మీద పరిచాడు. మాస్టరు స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు.